చుక్క వెనక మంచిర్యాల

ఇంకా యాభై నాలుగు నిమిషాలు అంటోంది తెర. నీలం పట్టీ ఎడమ అంచున గోరంత నిండి, కదులుతోందో లేదో తెలియకుండా ఉంది. ఈ గంటసేపూ కరెంటు పోకుంటే చాలు అనుకుంది రమ. కరెంటు పుట్టించే పొగగొట్టాలు బడి కిటికీలోంచే కనబడతాయి, అయినా మే నెలలో ఈ వేళకు పోకుండా ఉంటుందన్న నమ్మకం గోదావరిఖనిలో ఎవరికీ లేదు. ఎండాకాలం సెలవులు కదా, బడి మొత్తంలో తాళం తీసి ఉన్నది ఈ ఒక్క గదికే. పదకొండు పాత కంప్యూటర్లు, వాటి మీద కప్పిన చీర ముక్కలు, పైన ఊగుతూ తిరిగే ఒక ఫ్యాను. ఆమె ఒకటో నంబరు ముందు కూర్చుంది. అది తమ్ముడు జైపాల్ వాడిన మిషను. వాడు పోయి మొన్నటికి ఏడాది నిండింది. ఇంకో గంటలో బండి వచ్చి పదకొండింటినీ ఎక్కించుకుని పోతుంది, బడి తెరిచేసరికి ఆ బల్లల మీద కొత్తవి కూర్చుంటాయి. ఆ లోపల వాడు అమర్చిన తెర, వాడు పెట్టిన పేర్లు ఈ చిటికెన వేలంత పెన్‌డ్రైవులోకి రావాలి. ఆమెకు కావలసింది అంతే.

నిన్న ఒకసారి కాపీ చేసుకుని ఇంటికి తీసుకెళ్లింది. కూతురు సహస్ర లాప్‌టాప్‌లో తెరిస్తే పిల్లలు గీసిన బొమ్మలు వచ్చాయి, పాఠాలు వచ్చాయి, వాడి మెనూ మాత్రం రాలేదు. వాడి మెనూ లేకపోతే మిగతాదంతా ఎవరైనా చేసిపెట్టగలిగిందే. అందుకే పది రోజులుగా తాను మాట మానేసిన, తమ్ముడి స్నేహితుడు ఖైజర్‌కు ఇందాక ఫోన్ చేయవలసి వచ్చింది. ఒక్క చిక్కు విడిపించుకోవడానికి, ముఖం చూడకూడదనుకున్న మనిషినే అడగవలసి రావడం ఆమెకు మింగుడు పడలేదు. అతను మొదటి రింగుకే ఎత్తాడు. "చెప్పక్కా" అన్నాడు. మెనూ రాలేదని చెప్పింది. "చుక్క ఫైళ్లు రాలేదక్కా, గంతే. పేరు ముందట చుక్క ఉంటే అది దాక్కుంటది. వాడు సెట్ జేసిందంత ఆ చుక్కల ఫోల్డర్లనే ఉంటది. కంట్రోల్ వట్టి హెచ్ కొట్టు, అన్ని కనవడ్తయి, అప్పుడు మొత్తం వట్టుకొని..." అక్కడ ఆగాడు. ఎంతసేపు ఆగాడంటే ఫోన్ తెగిందనుకుంది. తర్వాత గొంతు మారింది. "అక్కా, ఆగు. కొట్టకు. నేనే వచ్చి చేస్త. గంటల బండి తీస్కొని వస్త, అప్పటిదాక ఏం ముట్టకు." ఎందుకని అడిగింది. "ఖరాబైతది." ఆమె నవ్వలేదు గానీ మాట నవ్వులాగే వచ్చింది. "ఇంక ఖరాబయ్యేటిదేమున్నది ఖైజర్? పనికిరావని నువ్వే రాసిస్తివి గద." ఫోన్ పెట్టేసి, కంట్రోల్ పట్టి హెచ్ కొట్టింది. ఖాళీగా ఉన్న చోట ఇంగ్లిషు పేర్లు గుంపుగా లేచాయి, ప్రతిదాని ముందూ ఒక చుక్క. ఒక్కటీ చదవకుండా అన్నింటినీ పట్టి పెన్‌డ్రైవులోకి వదిలింది. యాభై ఒక్క నిమిషాలు.

పనికిరావు. ఆ మాట రాసిన కాగితం ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. కింద ల్యాబ్ ఇన్‌ఛార్జి సంతకానికి జాగా వదిలారు. తెలుగు చెప్పుకునే టీచరుకు ల్యాబ్ ఎందుకంటే, ఆరేళ్ల కింద ఈ మిషన్లు వచ్చిననాడు తీసుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు కనుక. ఏదో ఆఫీసు వాళ్లు తమకు చాలక ఇచ్చేసినవి. మీట నొక్కితే తెర మీద బొమ్మ వచ్చేసరికి పీరియడ్ సగం అయిపోయేది. ఆదివారం పూట జైపాల్ వచ్చి చూశాడు. వాడి పని మోటార్ వైండింగ్. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన తీగ తీసి, కొత్త రాగి చుట్టి మళ్లీ తిప్పేవాడు. వాడి దుకాణం పక్కనే ఖైజర్ కంప్యూటర్ షాపు. ఇద్దరూ ఏడో తరగతి నుంచి ఒకే బెంచి. ఆ ఇద్దరూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, లోపల ఉన్నదంతా తుడిచి, ఎవరైనా ఉచితంగా వాడుకునే లినక్స్ ఎక్కించారు. అది కూడా బరువే అయింది. "దీనికి మెమరీ నూట ఇరవై ఎనిమిదే అక్కా. చిన్న మోటారు. దీని మీద పెద్ద బరువు వెయ్యొద్దు" అన్నాడు జైపాల్. మూడు ఆదివారాలు వెతికి తేలికపాటి తెర ఒకటి పట్టుకొచ్చాడు. ఎక్స్ఎఫ్‌సీఈ అని నోరు తిరగని పేరు, గుర్తు మాత్రం ఎలుక. పిల్లలు ఆ రోజు నుంచే ఎలుక కంప్యూటర్ అన్నారు. అందులోంచి కూడా వాడు ఇంకా తీసేస్తూ పోయాడు. కిటికీల నీడలు తీసేశాడు, గంటల చప్పుళ్లు తీసేశాడు. ఒక్కొక్కటే చూపించి "ఇది లేకుంటే నడుస్తదా అక్కా? నడుస్తది. తీసేద్దాం" అనేవాడు. చివరికి ఒక సన్నటి పట్టీ, ఒక మెనూ, గడియారం మిగిలాయి. మీట నొక్కాక హాజరు పిలవడం పూర్తయ్యేలోపు తెర సిద్ధంగా ఉండేది.

పేర్ల దగ్గర మాత్రం అక్కాతమ్ముళ్లకు పెద్ద గొడవ. రాయడానికి ఉన్నదానికి వాడు 'రాసుడు' అని పెట్టాడు. బొమ్మలకు 'గీసుడు'. ఫైళ్లు దాచుకునేదానికి 'సందుగ'. ఆపేయడానికి 'పోయొస్త'. ఇదేం భాషరా బడిలో, రచన అని పెట్టు, చిత్రలేఖనం అని పెట్టు అని ఆమె కోప్పడింది. "రచన అంటె నీ పిల్లలు భయపడ్తరే అక్కా. రాసుడంటె నవ్వుతరు. నవ్వినోడు రాస్తడు." ఖైజర్ నేల మీద నుంచే తలెత్తి "టీచరమ్మా, మావోడు పాసా ఫెయిలా జల్ది చెప్పు, ఛాయ్ చల్లారుతున్నది" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. అప్పుడు వయసు ముప్పై ఒకటి వాడికి. సందుగ అన్న మాట వాళ్ల అమ్మది. అమ్మ పోయాక పన్నెండేళ్ల పిల్లవాడిని చెయ్యి పట్టుకుని తెచ్చుకుంది రమ, తనకు అప్పుడే పెళ్లయింది. వాడికి అన్నం కలిపి పెట్టింది, పేలు దువ్వింది, పరీక్షలకు లేపింది. వాడి చొక్కా జేబులో ఏముందో వాడికంటే ముందు ఆమెకు తెలిసేది, ఎందుకంటే ఉతికేది ఆమె.

నలభై నిమిషాలు. పట్టీ వేలెడంత అయింది. కుడివైపు మూడో నంబరు. దానికి కీబోర్డు లేదు. ఏడాదిగా లేదు. పాత కీబోర్డు మీద ఏడో తరగతి పిల్ల నీళ్ల సీసా ఒలకబోస్తే, పోయిన ఏడు మే నెలలో శుక్రవారం పొద్దున జైపాల్ వాకిట్లో చెప్పులు వేసుకుంటూ "మంచిర్యాల పోయొస్త అక్కా, మూడో నంబరుకు కీబోర్డు తెస్త" అన్నాడు. మంగళవారం, శుక్రవారం వాడు సామాను కోసం గోదావరి దాటి మంచిర్యాల పోవడం అప్పటికి ఏడాదిన్నరగా అలవాటే. ఎండ పడకముందే రారా అని లోపలి నుంచే అన్నది, చేతికి పిండి ఉందని బయటికి రాలేదు. మధ్యాహ్నం ఖైజర్ ఫోన్. బస్సులో పడిపోయాడని, గుండె ఆగిందని. సాయంత్రం వాడిని వ్యానులో తెచ్చారు. మెడ దాకా దుప్పటి కప్పి తెచ్చారు, స్నానం మగవాళ్లే చేయించారు. ఆమె పాదాలు పట్టుకుని కూర్చుంది. అరికాళ్లు ఉబ్బి ఉన్నాయి. ఎండకేమో అనుకుంది. బడి తెరిచాక మూడో నంబరుకు ఇంకో కీబోర్డు పెడతామని అటెండరు బుచ్చన్న అంటే వద్దంది. "ఎందుకు మేడం?" అంటే తేవడానికి పోయిండు అని నోట వచ్చింది. బుచ్చన్న మళ్లీ అడగలేదు. పిల్లలు ఆ బల్ల దగ్గర ఇద్దరు కూర్చోవలసిన చోట పక్కకు జరిగి కూర్చునేవారు.

ఖైజర్ మీద కోపం ఇప్పుడు కూడా వేడిగానే ఉంది. కొత్త మిషన్లు వస్తే రానీ. రాష్ట్రం వస్తోంది, బజారంతా తోరణాలు కడుతున్నారు, బడికి కూడా కొత్తవి రావలసిందే. కానీ పాతవాటిని కండెం చేయడానికి పరీక్షించి రాసిచ్చింది ఖైజర్. ఏ వేళ్లతో బిగించాడో ఆ వేళ్లతోనే రాశాడు. 'పదకొండు యంత్రములూ పనికిరావు.' తెలియనివాడు రాస్తే ఆమెకు నొప్పి ఉండేది కాదు. వేరే బడికి ఇవ్వమని అడిగింది, నస్పూర్‌లో ఒక హెడ్మాస్టరు తీసుకుంటానన్నాడు కూడా. "వద్దక్కా, తుక్కుకే వోనీ" అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా. వాడు పోయి ఏడాది కాలేదు, వాడి చేతిపని తుక్కయింది నీకు అని అడగాలనుకుంది. అడగలేదు. ఆమెకు కోపం వస్తే మాటలు తగ్గుతాయి.

ముప్పై మూడు. చేసేదేమీ లేక తెర మీది పేర్లు చదవసాగింది. చుక్క కాష్, చుక్క కాన్ఫిగ్, చుక్క లోకల్. ఒకటీ తనకు తెలిసిన మాట కాదు. వరసలో ఇంకొంచెం కిందికి వెళితే ఇంగ్లిషు అక్షరాల్లోనే, తనకు బాగా తెలిసిన ఊరు. చుక్క మంచిర్యాల. ఆమె మొదట సంతోషపడింది. సామాను దుకాణాల చిరునామాలేమో, వాడి చేతిరాతలాంటిది ఇంకొకటి దొరికిందనుకుంది. రెండుసార్లు నొక్కింది. లోపల ఒకే ఒక ఫైలు. రాసుడులో తెరుచుకుంది. మొదటి పంక్తి తెలుగులో ఉంది, వాడు మాట్లాడినట్టే ఉంది. 'కిడ్నీలు రెండు పోయినయంట. వారంల రెండుసార్లు కరీంనగర్ దవాఖానల మిషను మీద పండాలె. మంగళ, శుక్ర. అక్కకు: మంచిర్యాల.'

చదివింది. మళ్లీ చదివింది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు చేసినట్టు వేలు తెర మీద పెట్టి ఒక్కొక్క పంక్తి కిందికి దిగింది. 'మంగళ. పొయ్యేటప్పుడు 64 కిలోలు, వచ్చేటప్పుడు 61న్నర. నీళ్లు తీసిండ్రు. అక్కకు: రాగి తీగ.' 'శుక్ర. 63, 61. చలి వెట్టింది. అక్కకు: బేరింగులు.' 'మంగళ. అక్కకు: బస్సు ఫెయిలైంది, అందుకే ఆలస్యం.' 'శుక్ర. మిషను సూదుల కోసం ఎడమచేతి నరాలు కలిపి కుట్టిండ్రు, ముట్టుకుంటె గుయ్యిమంటది. ఫుల్ చేతుల చొక్కాలు రెండు కుట్టియ్యాలె. అక్కకు: దుకాణంల షాక్ కొట్టింది.' ఒక్కోచోట జాగ్రత్త కూడా రాసుకున్నాడు. 'బేరింగులు పోయిన వారమే చెప్పిన, మళ్ల చెప్పొద్దు.' పేజీలు పేజీలుగా ఉంది. ప్రతి వారం రెండు బరువులు, రెండు అబద్ధాలు. ఇంట్లో రాసుకుంటే ఆమె చెయ్యి పడని చోటు లేదు. అందుకని ఆమె బడిలో, ఆమె ల్యాబులో, ఆదివారం పూట ఆమె పక్క బల్ల దగ్గర నోట్సులు దిద్దుకుంటుంటే, ఇక్కడ కూర్చుని రాసుకున్నాడు. ఏం రాస్తున్నవురా అని ఒకసారి అడిగింది. లెక్కలు అన్నాడు.

ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. మజ్జిగ గ్లాసు. ఎండనపడి వచ్చాడని నిండా పోసి ఇస్తే రెండు గుక్కలు తాగి పెట్టేసేవాడు. నా చేతిది రుచి తగ్గిందారా అని నిష్ఠూరమాడింది. జలుబక్కా అన్నాడు. పంక్తుల మధ్య అది కూడా ఉంది. 'నీళ్లు రోజుకు మూడు గ్లాసులే. అక్కకు: మజ్జిగకు జలుబు చేస్తున్నది.' కాసిపేట నుంచి మంచి సంబంధం వస్తే పిల్లను చూడకుండానే వద్దన్నాడు, ఆమె నాలుగు రోజులు మాట్లాడలేదు, వాడు బతిమాలలేదు కూడా. రాఖీ పున్నమ నాడు కుడిచేతికి కట్టి, ఉక్కపోతలో ఈ ఫుల్ చేతులేందిరా అని ఎడమచేతి మణికట్టు పట్టుకుంది. చొక్కా గుడ్డ కింద ఏదో గుయ్యిమని అదిరింది. సన్నగా, ఆగకుండా, లోపలెక్కడో యంత్రం తిరుగుతున్నట్టు. ఆమె ఉలిక్కిపడి వదిలేసింది. "మోటార్ పెట్టిచ్చుకున్న అక్కా లోపల. మనదే వైండింగు" అన్నాడు. సహస్ర పడిపడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. వేళ్ల కొసలకు ఆ అదురు రెండు రోజులు గుర్తుంది, మూడో రోజు మరిచిపోయింది. ఇరవై ఏళ్లుగా పిల్లల ముఖం చూసి హోంవర్కు చేశారో లేదో చెప్పగలనని స్టాఫ్‌రూములో అనేది. వేళ్ల కింద కొట్టుకున్నదానిని మరిచిపోయింది.

కానీ అది కాదు. దాచాడు, సరే, భయపెట్టకూడదనుకున్నాడు అని ఎక్కడో ఒక మూల మనసు వాడి తరఫున మాట్లాడుతూనే ఉంది, ఆ పంక్తి దాకా. మొదటి ఏడాది చలికాలంలో రాసింది. 'డాక్టరు అడిగిండు. ఇంట్ల కిడ్నీ ఇచ్చేటోళ్లు ఎవరన్న ఉన్నరా, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు అని. ఎవ్వరు లేరని చెప్పిన. ఖైజర్‌తోని గూడ గట్లనే చెప్పిచ్చిన. ఒట్టు వెట్టిచ్చుకున్న. అక్కది నాది ఒక్కటే బ్లడ్ గ్రూపు. సహస్ర చదువు ఇంక గాలె. అక్కను కొయ్యనియ్య.'

ఎవ్వరు లేరని చెప్పిన. ఆమె ఆ మూడు మాటల మీద వేలు పెట్టి ఉంచింది. పన్నెండేళ్లవాడిని చెయ్యి పట్టుకుని తెచ్చినప్పుడు రైలు స్టేషనులో ఎవరో అడిగారు, ఈ పిల్లగాడు ఎవరమ్మా అని. నా కొడుకు అంది, తనకింకా ఇరవై మూడు నిండలేదు. ఎవ్వరు లేరని చెప్పిన. తెల్లకోటు వేసుకున్న ఎవరో పరాయి మనిషి ముందు, తడబడకుండా, పక్కన స్నేహితుణ్ని సాక్షిగా నిలబెట్టుకుని. ఇద్దరు మగపిల్లలు కూర్చుని ఆమె ఒంటి గురించి, ఆమె బతుకు గురించి, ఆమె ఇవ్వగలదా లేదా అన్నదాని గురించి తీర్మానం చేసుకుని, ఆమెకు రాగి తీగ అని చెప్పారు. ఇది లేకుంటే నడుస్తదా, నడుస్తది, తీసేద్దాం. అలా తీసేశాడు ఆమెను. అడిగి ఉంటే భయపడేదేమో, రాత్రంతా ఏడ్చేదేమో, ఏమో, చివరికి వద్దనేదేమో కూడా. ఆ వద్దనడం కూడా ఆమెది కాకుండా చేశాడు. ఇప్పుడు ఇస్తానన్నా కాదన్నా పుచ్చుకోవడానికి ఎవరూ లేరు.

చిట్టచివరికి దిగింది. చివరి ఆదివారం ఆ వారానికి రెండూ ముందే అనుకుని పెట్టుకున్నాడు. 'మంగళ. అక్కకు: ఫ్యాన్ కండెన్సర్లు.' 'శుక్ర. అక్కకు: మూడో నంబరుకు కీబోర్డు.' వాటి పక్కన బరువులు లేవు. వచ్చే ఆదివారం రాసుకుందామని ఖాళీ వదిలాడు.

అంటే కీబోర్డు తేవడానికి కూడా పోలేదు. ఏడాదిగా ఆ బల్ల ఖాళీగా ఉంచింది.

పట్టీ నిండింది. పని పూర్తయిందని తెర చెప్పి ఎంతసేపయిందో, బయట ట్రాలీ ఆటో ఆగిన చప్పుడు. ఖైజర్ వరండాలో చెప్పులు విడిచి, గడప దగ్గరే నిలబడ్డాడు. ఆమె ముఖం చూశాడు, తర్వాత తెర చూశాడు. లోపలికి రాలేదు.

"చదివినవా అక్కా."

"కొట్టకన్నవు గద. కొట్టిన."

"నోరుజారి చెప్పిన. తర్వాత యాదికొచ్చింది." చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "తీసేద్దామని ఎన్నిమాట్ల ఈడ కూసున్ననో బుచ్చన్ననడుగు. వాడు రాసింది గదా. చెయ్యి రాలే. అందుకే పనికిరావని రాసిన. అన్నీ తుక్కైతె ఇది గూడ దాంతోనే పోతది, నేను జేసినట్టుండదని."

"బస్సుల పడ్డడని చెప్పినవ్."

"మిషను మీదనే పోయిండక్కా. నేను పక్కనే ఉన్న."

"ఇచ్చేటోళ్లు ఎవ్వరు లేరని డాక్టరుకు చెప్పినవ్."

"ఒట్టు వెట్టిండు. మా అమ్మీ తలమీద చెయ్యేపిచ్చి..." చేతిగుడ్డను మడతలు పెట్టాడు. "అడిగితే ఇస్తవని తెల్సు గనకనే."

"అడిగితే గదరా," అంది రమ. గొంతు పెంచలేదు. "అడిగితే గద తెల్సేది. నేనేమి ఎవ్వరు గానిదాన్నయితినా మీకు?"

ఖైజర్ వెనక్కి వెళ్లి ట్రాలీలోంచి ఒక సన్నటి పొడుగు డబ్బా తెచ్చాడు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు, కవరు మీద కరీంనగర్ దుకాణం పేరు. జైపాల్ ఆ శుక్రవారం పొద్దున దవాఖానలోకి పోకముందే కొన్న కీబోర్డట. ఏది చెప్తే అది కొనుక్కొచ్చేవాడట ఎప్పుడూ, అక్క దగ్గర వట్టి చేతులతో దొరికిపోవద్దని. కవరు మీద ఊరి పేరు చూస్తే అడుగుతుందని ఖైజర్ ఏడాదిగా షాపు అటక మీద పెట్టుకున్నాడు. "ఇయ్యాల్ల తేవాలనిపిచ్చింది" అన్నాడు.

ఆమె అందుకుంది. కవరు చింపింది. మూడో నంబరు వెనక్కి వంగి, తీగ కొస గుండ్రటి రంధ్రంలో గుచ్చి, మీట నొక్కింది. ఎలుక వచ్చింది, పట్టీ వచ్చింది. రాసుడు తెరిచి అ నుంచి అః దాకా కొట్టింది, పిల్లల చేత కొట్టించినట్టు. అన్ని అక్షరాలూ పడ్డాయి. చీర ముక్కలు తీసి మిగతావాటి మీటలు కూడా నొక్కింది. ఏడాదికి మొదటిసారి పదకొండూ నడుస్తున్నాయి. బ్యాగులోంచి కాగితం తీసి, బల్ల మీద పరిచి, ఎర్ర పెన్నుతో 'పనికిరావు' అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పైన గుండ్రటి చేతిరాతతో రాసింది: 'పని చేయుచుండగా తీసివేయబడినవి.' కింద సంతకం పెట్టి తేదీ వేసింది. ఖైజర్ చదువుకుని మడతపెట్టుకున్నాడు. కవరు నేల మీద పడి ఉంటే తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇంటికి కొన్నొద్దులు రాకు" అంది ఆమె. "సరే అక్కా" అన్నాడు.

తర్వాత ఆమె పదకొండో నంబరు దగ్గరికి పోయింది. ఒక్కసారి మెనూ తెరిచి, వాడు అడుగున పెట్టిన మాట మీద నొక్కింది. తెర నల్లబడింది. పదో నంబరు. తొమ్మిది. పోయొస్త, పోయొస్త. మూడో నంబరు కూడా అలాగే చెప్పి ఆరిపోయింది. ఆరినవాటిని ఖైజర్ ఒక్కొక్కటే పొట్టకు ఆనించుకుని బయటికి మోశాడు. ఒకటో నంబరు మిగిలింది. తెర మీద ఆ ఫైలు అలాగే తెరిచి ఉంది, చివర ఖాళీ వదిలిన చోట గీత ఒకటి వెలిగి ఆరుతూ ఉంది. ఆమె పెన్‌డ్రైవు తీసి కొంగు చివర ముడివేసుకుంది. మెనూ తెరిచింది. బాణం గుర్తు అడుగున ఉన్న మాట దాకా పోయి ఆగింది. నడుస్తున్నదాన్ని ఎన్నడూ ఒకేసారి ఆపొద్దక్కా, మోటారైనా సరే, కంప్యూటరైనా సరే, దానికి చెప్పి ఆపాలె అని వాడు మొదటి రోజే నేర్పాడు. ఆరేళ్లలో ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు, ఒక్క పిల్లను కూడా తప్పనివ్వలేదు. మౌసు వదిలేసి లేచింది. గోడ దగ్గరికి పోయి, వంగి, తీగ పట్టుకుని లాగేసింది.